స్పెయిన్‌ని బస్సులో చుట్టి రావడం ఎలా: ఇద్దరికి, పదిహేను రాత్రులకి

మా ఆయనా నేనూ చెరో సంచీ వీపున వేసుకుని మాడ్రిడ్‌లో దిగి, బస్సుల్లోనే తిరిగి, బార్సిలోనాలో విమానం ఎక్కాం. ఖర్చు అదుపులో ఉండాలంటే ఇంట్లో కూర్చునే రెండు లెక్కలు వేసుకోవాలి: ఏ ఊరి తర్వాత ఏ ఊరు, ఆ ఊళ్ళో బస్సు దిగేది ఎన్నింటికి. ఈ రెండూ కుదిరితే అక్కడికెళ్ళాక కాఫీ దగ్గర కూడా రూపాయలు లెక్కపెట్టుకునే అవస్థ ఉండదు.

1. ముందు నెల చూసుకోండి

మార్చి నుంచి మే, లేదంటే అక్టోబరు, నవంబరు. జులై, ఆగస్టుల్లో దక్షిణాదికి పోవద్దు. 2021 ఆగస్టులో కోర్దోబా జిల్లాలోని లా రాంబ్లా అనే ఊళ్ళో 47.6 డిగ్రీలు నమోదైంది. మన రెంటచింతల ఎండలు చూడ్డానికి వీసా దేనికి?

వసంతంలో వెళ్ళేవాళ్ళు ఈస్టర్ ఎప్పుడొచ్చిందో చూసుకోవాలి. ఈస్టర్ ముందు వారం సెవియాలో ఊరేగింపులు జరుగుతాయి, గది అద్దెలు రెండింతలకు పోతాయి. ఈస్టర్ అయ్యాక రెండు వారాలు తిరిగేసరికి అక్కడ ఫేరియా తిరునాళ్ళు. వాలెన్సియాలో మార్చి 15 నుంచి 19 దాకా ఫాయాస్ పండగ. పండగ కోసమే వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. పొదుపు కోసమైతే ఆ తేదీలు తప్పించండి.

2. దారి గీసుకోండి

మాడ్రిడ్, కోర్దోబా, సెవియా, గ్రనాడా, వాలెన్సియా, బార్సిలోనా. మ్యాపు మీద వేలు పెట్టి గీస్తే కొడవలి ఆకారం వస్తుంది. వెళ్ళిన దారినే వెనక్కి రానక్కర్లేదు. విమానం టికెట్ వెళ్ళేది మాడ్రిడ్‌కి, తిరుగు బార్సిలోనా నుంచి ఒకే బుకింగ్‌లో తీసుకోండి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల మారాల్సిందే.

రాత్రుల లెక్క ఇది: మాడ్రిడ్‌లో 3, కోర్దోబాలో 1, సెవియాలో 2, గ్రనాడాలో 3, బస్సులో 1, వాలెన్సియాలో 2, బార్సిలోనాలో 3. బస్సు ప్రయాణాలు మాడ్రిడ్ నుంచి కోర్దోబాకి సుమారు ఐదు గంటలు, అక్కడి నుంచి సెవియాకి రెండు, సెవియా నుంచి గ్రనాడాకి మూడు, వాలెన్సియా నుంచి బార్సిలోనాకి నాలుగు పైచిలుకు. గ్రనాడా నుంచి వాలెన్సియా ఒక్కటే పెద్దది, ఏడు నుంచి తొమ్మిది గంటలు. దాన్ని రాత్రికి పెట్టుకుంటే ఒక రాత్రి అద్దె మిగులుతుంది.

ఇంకో రెండు ఊళ్ళు కలుపుదామని మనసు లాగుతుంది. కలపకండి. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది, గది దొరికేసరికి ఇద్దరికీ ఆకలి. మేం పోట్లాడుకున్న రెండుసార్లూ ఊరు మారిన రోజునే.

3. వీసా కాగితాలు

యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా, దాని పేరు షెంగెన్. ఎక్కువ రాత్రులు స్పెయిన్‌లోనే కాబట్టి అది స్పెయిన్‌కే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, గడువు పదిహేను రోజుల ముందుదాకా. పదిహేను రోజులనే మాట నమ్ముకుని కూర్చుంటే అపాయింట్‌మెంటే దొరకదు, మూడు నెలల ముందే కదలండి. వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు, దానిపైన దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

జంటలకి ఒక మాట. గది బుకింగ్ చేసినప్పుడు మామూలుగా ఒక్కరి పేరే పడుతుంది. రెండో మనిషి ఫైల్లో ఆ కాగితం అక్కరకు రాదు. ప్రతి బుకింగ్‌లోనూ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే వేయించుకోండి. ఖర్చంతా ఒక్కరి బ్యాంకు ఖాతాలోంచే అయితే పెళ్ళి సర్టిఫికెట్, ఖర్చు నాదేనన్న ఉత్తరం జతచేయండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడే మన జబ్బు సంగతి తెలిసిందేగా, అది కూడా ఒకసారి సరిచూసుకోండి.

రద్దు చేసుకునే వీలున్న గదులే బుక్ చేయండి. బస్సు టికెట్లు మాత్రం వీసా చేతికొచ్చాకే.

4. గది: "ఓస్తాల్" అనే మాట గుర్తుపెట్టుకోండి

స్పెయిన్‌లో హాస్టల్ వేరు, ఓస్తాల్ వేరు. హాస్టల్ అంటే వరసగా బంకు మంచాలు, మంచానికింత అద్దె. ఓస్తాల్ అంటే చిన్న లాడ్జి. తరచుగా ఒక కుటుంబమే పాత భవనంలో రెండో అంతస్తో మూడో అంతస్తో తీసుకుని నడుపుతుంటుంది. గుమ్మం పక్కన నీలం రంగు పలక మీద హెచ్, ఎస్ అక్షరాలు, కింద ఒకటో రెండో నక్షత్రాలు ఉంటాయి.

బంకు మంచం మనిషికి 25 నుంచి 30 యూరోలు. ఇద్దరికి 50, 60 అయిపోతుంది. అదే డబ్బుకి కోర్దోబా, గ్రనాడాల్లో ఓస్తాల్‌లో తలుపేసుకునే గది దొరుకుతుంది. ఒంటరిగా తిరిగేవాళ్ళకి హాస్టల్ చవక కావచ్చు, జంటకి కాదు. బార్సిలోనా మాత్రం మినహాయింపు, అక్కడ అన్నీ ఎక్కువే, పైగా రాత్రికింత అని మనిషికి పన్ను కూడా కట్టాలి.

బుక్ చేసేముందు లిఫ్టు ఉందా, బస్టాండ్ నుంచి నడవగలమా, సామాను ముందే పెట్టుకోనిస్తారా అని అడగండి. గదిలోకి పంపేది మధ్యాహ్నం రెండు, మూడింటికి. పొద్దున్నే దిగినా సంచులు ఒక మూల పెట్టుకోమనేవాళ్ళే ఎక్కువ. పాస్‌పోర్ట్‌లు ఇద్దరివీ చూపించాలి, వివరాలు రాసుకోవడం వాళ్ళ చట్టం ప్రకారం తప్పనిసరి.

5. బస్సు టికెట్లు

పెద్ద కంపెనీ ఆల్సా. గ్రనాడా వైపు, వాలెన్సియా, బార్సిలోనా వైపు ఎక్కువ బస్సులు వాళ్ళవే. మాడ్రిడ్ నుంచి కోర్దోబా, సెవియా వైపు సోసిబుస్ నడుస్తుంది. ఫ్లిక్స్‌బస్ కూడా కొన్ని దారుల్లో ఉంది. మూడిట్లో ధర పోల్చి చూసి తీసుకోండి. నెల, నెలన్నర ముందు తీసుకుంటే చవక, శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం ప్రియం. మన బ్యాంకు కార్డు వాళ్ళ సైట్లలో ఒక్కోసారి మొరాయిస్తుంది. ఇంకో కార్డు దగ్గరుంచుకోండి, లేదా ఊళ్ళో దిగిన రోజే బస్టాండ్ కౌంటర్లో తర్వాతి ఊరికి తీసుకోండి.

రైలు ధర కూడా ఒకసారి చూడండి. మాడ్రిడ్, బార్సిలోనా, వాలెన్సియాల మధ్య చవక హైస్పీడ్ రైళ్ళు పోటీ పడి నడుస్తున్నాయి. ముందే తీసుకుంటే ఒక్కోసారి బస్సు కంటే తక్కువకే దొరుకుతాయి. బస్సు యాత్ర అన్నాం కదా అని పంతం పట్టనక్కర్లేదు.

బస్సు ఎక్కే రోజు తెలియాల్సిన మాటలు మూడు. "సాలీదా" అంటే బయల్దేరేది. "దార్సెనా" అంటే ప్లాట్‌ఫాం, దీని నంబరు తెర మీద చివరి పావుగంటలోనే పడుతుంది. "కొన్సిగ్నా" అంటే సామాను దాచుకునే లాకర్లు. ఇరవై నిమిషాల ముందు వెళ్ళండి. ఇవి చెయ్యెత్తితే ఆగే బస్సులు కావు, తలుపు మూశాక కండక్టర్ని బతిమాలదామంటే కండక్టరే ఉండడు. పెద్ద సంచీ డిక్కీలో, పాస్‌పోర్ట్, డబ్బు, మందులు ఒంటిమీద. మరుగుదొడ్డి అన్ని బస్సుల్లోనూ ఉండదు. దూరపు బస్సు హోటల్ దగ్గర ఆగినప్పుడు డ్రైవర్ ఎన్ని నిమిషాలో మైకులో ఒక్కసారి చెప్పి దిగిపోతాడు. "త్రెయింతా" అంటే ముప్పై, "కిన్సే" అంటే పదిహేను. దిగేముందు బస్సు నంబరు ఫోటో తీసుకోండి, పక్కన అదే రంగు బస్సులు ఇంకో నాలుగుంటాయి.

6. మాడ్రిడ్: ఏ బస్టాండో చూసుకోండి

ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పాలి. కోర్దోబా టికెట్ చేతిలో పెట్టుకుని, హాయిగా కాఫీ తాగి, మెట్రోలో అవెనీదా దె అమేరికా బస్టాండ్‌కి వెళ్ళాం. ముందురోజు బార్సిలోనా బస్సులు ఎక్కడో వెతికినప్పుడు ఆ పేరు నా బుర్రలో దిగబడిపోయింది. తెర మీద కోర్దోబా లేదు. రెండోసారి చూశాను, లేదు. మా ఆయన టికెట్ తీసి వేలు పెట్టి చూపించారు: "ఎస్తాసియోన్ సుర్, మెందెస్ ఆల్వరో". బస్సుకి ఇంకా ముప్పై ఐదు నిమిషాలుంది. సంచులతో ఎస్కలేటర్ మీద పరుగెత్తాం. బస్సు అందింది గానీ కోర్దోబా దాకా ఆయన నాతో మాట్లాడలేదు.

ఆ పరుగులో తెలిసిందేమిటంటే, మీకు పనికొచ్చే నాలుగు బస్టాండ్లూ మెట్రో ఆరో నంబరు లైను మీదే ఉన్నాయి. అది ఊరిని చుట్టొచ్చే వలయం, మ్యాపులో బూడిద రంగు. కోర్దోబా, గ్రనాడా లాంటి దక్షిణాది బస్సులకి మెందెస్ ఆల్వరో. బార్సిలోనా వైపు అవెనీదా దె అమేరికా. తొలేదోకి ప్లాసా ఎలీప్తికా. సెగోవియాకి మొంక్లోవా. కాబట్టి ఆరో నంబరు లైను దగ్గర్లో గది తీసుకోండి.

మెట్రోకి మల్టీ అనే కార్డు కొని పది ప్రయాణాలు వేయించండి. ఆ పదీ ఇద్దరూ ఒకే కార్డు మీద వాడుకోవచ్చు, ఒకరు తాకించి లోపలికెళ్ళి కార్డు వెనక్కి అందిస్తే సరి. విమానాశ్రయం నుంచి మెట్రోలో వస్తే అదనపు చార్జీ పడుతుంది. పసుపు రంగు ఎక్స్‌ప్రెస్ బస్సు 5 యూరోలకి, రాత్రీ పగలూ ఊళ్ళోకి తెస్తుంది.

ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు ఉచితం, ఆదివారం 5 నుంచి 7. అయిదింటికే వెళ్ళి వరసలో నిలబడండి. పికాసో గీసిన గేర్నికా బొమ్మ ఉన్న రేనా సోఫియా మ్యూజియం మామూలు రోజుల్లో 7 నుంచి 9 దాకా ఉచితం, మంగళవారం సెలవు. రెండూ ఒకే సాయంత్రం చుట్టేద్దామనుకోకండి, కాళ్ళు పీక్కుపోతాయి. ఒక సాయంత్రం దెబోద్ గుడి దగ్గర కూర్చోండి. 1968లో ఈజిప్టు స్పెయిన్‌కి ఇచ్చేసిన నిజమైన పాతగుడి అది. రాయి రాయి తెచ్చి మళ్ళీ కట్టారు. పొద్దు గుంకేది దాని వెనకే.

మూడో రోజు తొలేదో. గంట ప్రయాణం, సాయంత్రానికి తిరిగి రావచ్చు. పాత ఊరు గుట్ట మీద, బస్టాండ్ కింద. ఎక్కడానికి ఎస్కలేటర్లున్నాయి, వెతుక్కోండి.

7. కోర్దోబా: ఒక్క రాత్రి చాలు

మధ్యాహ్నం దిగండి. సాయంత్రం రోమన్ వంతెన మీద నడవండి. పొద్దున్న 8:30కి మెస్కీతా గుమ్మంలో ఉండండి. ఎనిమిదో శతాబ్దంలో మొదలుపెట్టిన మసీదు, పదహారో శతాబ్దంలో దాని నడిబొడ్డున చర్చి లేపారు. టికెట్ పది యూరోల పైనే, కానీ ఆదివారం తప్ప మిగతా రోజుల్లో 8:30 నుంచి 9:30 దాకా ఉచితం. ఆ గంటలో గైడ్లు, గుంపులు ఉండరు. ఎర్ర, తెలుపు చారల కమానులు ఒకదాని వెనక ఒకటి కనుచూపు ఆనేంత దూరం పోతుంటే, మాట్లాడినా గుసగుసగానే మాట్లాడతాం. తొమ్మిదిన్నరకి బయటికి పంపేస్తారు, మధ్యాహ్నం బస్సుకి బోలెడు టైముంది.

సెవియాలో రెండు బస్టాండ్లున్నాయి, టికెట్ మీద పేరు చూడండి. చూడాల్సినవి నడక దూరంలోనే. ప్లాసా దె ఎస్పాన్యా అనే పెద్ద చౌకు 1929 ప్రదర్శన కోసం కట్టింది, ఉచితం. హిరాల్దా అనే చర్చి గోపురానికి చివర్న కొన్ని తప్ప మెట్లుండవు, వాలుదారి తిరుగుతూ పైకి పోతుంది. మోకాళ్ళ నొప్పులున్నా ఎక్కొచ్చు.

8. గ్రనాడా: టికెట్ ముందు, గది తర్వాత

ఆలంబ్రా అనే కొండమీది పాత కోటకి టికెట్ దొరికిన తేదీని బట్టే మొత్తం యాత్ర తేదీలు జరపండి. నెలన్నర ముందే అధికారిక సైట్లో తీసుకోండి, మనిషికి సుమారు 20 యూరోలు. పేరు, పాస్‌పోర్ట్ నంబరు టికెట్‌కి కట్టేస్తారు. లోపల నస్రీ రాజమహళ్ళకి మీకొక అరగంట ఇస్తారు, ఆ అరగంటలో గుమ్మం దాటాలి, తర్వాత ఎంతసేపున్నా అడగరు. పెద్ద ద్వారం నుంచి ఆ గుమ్మానికి నడకే పావుగంట పైన. అసలు పాస్‌పోర్ట్ తీసుకెళ్ళండి. ఫోన్లో ఫోటో చాలనుకుని కొండెక్కి, వరసలో మా ముందే వెనక్కి తిరిగిన జంట మొహాలు నాకింకా గుర్తున్నాయి.

బస్టాండ్ ఊరికి మూడు కిలోమీటర్ల అవతల, 33వ నంబరు సిటీ బస్సు మధ్యకి తెస్తుంది. అల్బాయ్‌సీన్ అనే పాత పేటలో గది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అంతా ఎత్తు, గులకరాళ్ళ మెట్లు. సంచీ ఏడెనిమిది కిలోలు మించకుండా సర్దుకుంటే ఇక్కడ పనికొస్తుంది. చక్రాల సూట్‌కేసులు లాక్కుంటూ వచ్చినవాళ్ళని చూస్తే జాలేసింది.

9. తిండి

రోజుకి ఒక్కటే పెద్ద భోజనం, అది మధ్యాహ్నం. "మెనూ దెల్ దియా" అని పలక మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది: మొదటి పదార్థం, రెండోది, రొట్టె, తాగడానికొకటి, తీపి, అన్నీ కలిపి 12 నుంచి 15 యూరోలు. సోమవారం నుంచి శుక్రవారం దాకానే ఎక్కువగా ఉంటుంది. ఒంటిగంటన్నర లోపు వెళ్తే వంటిల్లు తెరిచి ఉండదు, నాలుగు దాటితే మూసేస్తారు. పొద్దున్న, రాత్రి సూపర్‌మార్కెట్ తిండి. ఆదివారం చాలా దుకాణాలు మూత, శనివారమే కొనుక్కోండి.

శాకాహారులకి హెచ్చరిక. "వెహెతాల్" అని రాసిన శాండ్‌విచ్ కొన్నాను. పేరు చూసి కూరగాయలే అనుకున్నా. రెండు ముక్కలు తిన్నాక తేడా కొట్టింది, విప్పి చూస్తే టమాటా కింద ట్యూనా చేప, గుడ్డు. అక్కడ ఆ పేరుకి అర్థం ఆకు కూడా ఉంది అని! "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా. ఒక్క ఆ మాటే చాలదు, "సిన్ హమోన్, సిన్ అతూన్" అని పంది ముక్క, ట్యూనా కూడా వద్దని విడివిడిగా చెప్పాలి. గుడ్డు తినేవాళ్ళకి తోర్తియా అనే బంగాళదుంప ఆమ్లెట్ ఎక్కడైనా దొరుకుతుంది. సెవియాలో పాలకూర శనగల కూర, కోర్దోబాలో తేనె చిలకరించిన వంకాయ వేపుడు తప్పకుండా తినండి. సాల్మోరేహో అనే చల్లటి టమాటా సూప్ మీద హమోన్ ముక్కలు చల్లుతారు, చల్లొద్దనండి. గ్రనాడాలో తాగడానికేదైనా తీసుకుంటే చిన్న ప్లేటు తిండి ఉచితం. రెండు మూడు చోట్ల తాగితే రాత్రి భోజనం అయిపోయినట్టే.

అన్నం మీద బెంగ రెండో వారంలో మొదలవుతుంది. సూపర్‌మార్కెట్లో వండిన అన్నం కప్పులు, "నతురాల్" అని రాసిన పెరుగు దొరుకుతాయి. పక్కనే ఉండే "అసుకరాదో" పెరుగు తీయగా ఉంటుంది, పొరపాటున అన్నంలో కలిపేరు. కందిపొడి, మాగాయ తీసుకెళ్ళొచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు. యూరప్ బయటినుంచి పాల, మాంసం పదార్థాలు తేవడం నిషేధం.

వాలెన్సియాలో పాయేయా అనే అన్నం వంటకం మధ్యాహ్నమే తినండి. కనీసం ఇద్దరికైతేనే వండే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి జంటగా వెళ్ళడం ఇక్కడ కలిసొస్తుంది. అసలు వాలెన్సియా పాయేయాలో కోడి, కుందేలు ఉంటాయి, కూరగాయలది విడిగా అడగాలి. అడుగంటిన మాడుకి సొకర్రాత్ అని పేరు, అందుకోసం చెంచాలతో పోటీ పడతారు. చిన్నప్పుడు గిన్నె గోకింది గుర్తొచ్చింది.

10. రాత్రి బస్సు, వాలెన్సియా పొద్దు

ఏసీ చలి గట్టిగా ఉంటుంది, శాలువా పైనే ఉంచుకోండి. తెల్లారకముందే దిగితే బస్టాండ్లోనే మొహం కడుక్కుని కాఫీ తాగండి. బస్టాండ్ పక్కనే తురియా తోట. 1957 అక్టోబరు వరదల తర్వాత నదిని ఊరి దక్షిణానికి మళ్ళించి, పాత నదీగర్భాన్ని తోట చేశారు. నడుచుకుంటూ పాత ఊళ్ళోకి వెళ్ళిపోవచ్చు.

11. డబ్బు లెక్క

ఇద్దరికి రోజుకి: గది 55 నుంచి 65 యూరోలు, మధ్యాహ్న భోజనం 26, మిగతా తిండి 15, ఊళ్ళో తిరగడం 5, చూసేవాటి టికెట్లు సగటున 12. మొత్తం 113 నుంచి 123. బస్సులు వేరే, మనిషికి 120 యూరోల దాకా పెట్టుకోండి. యూరో వంద రూపాయలు దాటేసింది కాబట్టి గుణకారం కష్టం కాదు. ఏటీఎంలో, షాపు మిషన్లో "రూపాయల్లో కట్టమంటారా" అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళిచ్చే రేటుకి చేతి చమురు వదులుతుంది.

12. బార్సిలోనా

మెట్రోలో టీ-కాజువల్ అనే పది ప్రయాణాల టికెట్ ఒక్కరే వాడాలి. ఇద్దరూ కలిసి వాడేది టీ-ఫమిలియార్, ఎనిమిది ప్రయాణాలు. తనిఖీలో ఇది తెలియక దొరికితే జరిమానా. సగ్రాదా ఫమీలియా అనే పెద్ద చర్చికి టికెట్ ఆన్‌లైన్లోనే, ముందే తీసుకోవాలి. లోపలికి వద్దనుకుంటే ఎదురుగా చెరువున్న పార్కులోంచి చూసినా ఖరీదు లేదు. రాంబ్లా వీధిలో, మెట్రో తలుపుల దగ్గర ఫోన్ వెనక జేబులో పెట్టారో, పోయిందనే లెక్క. అక్కడ సంచీ ముందుకు వేసుకోవడం సిగ్గేమీ కాదు.

ఆఖరి రోజుకి టీ-ఫమిలియార్‌లో రెండు ప్రయాణాలు మిగుల్చుకోండి. విమానాశ్రయం మెట్రోకి ఆ టికెట్ చెల్లదు గానీ, ప్లాసా ఎస్పాన్యా నుంచి వెళ్ళే 46వ నంబరు సిటీ బస్సుకి చెల్లుతుంది. రెండు టెర్మినళ్ళకీ వెళ్తుంది, ఎక్కేముందు మీది ఏ టెర్మినలో చూసుకోండి. ఎక్కువ టైము పడుతుంది, కిటికీ పక్క సీటు పట్టుకోండి.